మూత లోపలి ముద్ర

సూరత్‌లో మా అత్తమ్మ దగ్గర వాళ్ల నాయన కట్టుకున్న పాత చేతిగడియారం ఉంది. డయల్ మీద, మిషన్ మీద ఎక్కడా పేరు లేదు. వెనకున్న వెండి మూత లోపల మాత్రం చేసినవారి పేరుతో ముద్ర కనిపించింది. ఫొటో తీద్దామని విప్పి పెట్టి స్నానానికెళ్లాను. వచ్చేసరికి మూత లేదు.

"పాత జరీతోని కరగపెట్టనీకి పంపిన. గడియారం ఇంట్లనే ఉంది, పోయింది వెండే గద" అంది అత్తమ్మ.

తడిజుట్టుతోనే పక్క గల్లీలోని కొలిమికి పరుగెత్తాను. మూత కొలిమివాడి పట్టకారులో ఉంది.

"ఆగండి, ఆగండి" అని తెలుగులో అరుస్తున్నాను. అతను గుజరాతీ. పట్టకారు వెండి కరిగించే మూస మీదికి వెళ్లింది. ఆఖరికి హిందీలో "రుకో భాయ్" అని నోట వచ్చింది.

అతని చెయ్యి ఆగింది. మూత తిరిగి నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి భూతద్దంలో ముద్ర చూపిస్తే అత్తమ్మ చాలాసేపు చూసింది.

"మా నాయన బతికినన్నాళ్లు గిది కట్టిండు బిడ్డా. లోపట గీ పేరున్నదని ఆయనకు ఎర్కనే లేదు."