గంప దించక ముందు జ్వరం

బందరులోని ఆ ల్యాబ్‌లో స్క్రబ్ టైఫస్ పరీక్ష వారానికి రెండు రోజులే చేస్తారు, మంగళవారం, శుక్రవారం. కృపాకుమారి అక్కడ పద్నాలుగేళ్లుగా టెక్నీషియన్. గడ్డిలో ఉండే కంటికానని పురుగు కుడితే వచ్చే ఈ జ్వరానికి ఒంట్లో యాంటీబాడీలు తయారవడానికి ఐదారు రోజులు పడుతుంది. ముందే రక్తం తీస్తే జబ్బున్నా లేదనే రావచ్చు. అందుకే ఐదు రోజులు నిండని వాళ్లను ఆమె మళ్లీ రమ్మంటుంది.

ఆ మంగళవారం నాగాయలంక వైపు నుంచి చేపలమ్మే సత్యవతమ్మను కోడలు భార్గవి తీసుకొచ్చింది. డాక్టరు పంపిన ఫారంలో జ్వరం రెండు రోజులని ఉంది.

"శుక్రవారం రండి," అంది కృపాకుమారి.

సత్యవతమ్మ బెంచీ మీదే ఒరిగిపోయింది. ఊపిరి బరువుగా తీస్తోంది. రెండు రోజుల జ్వరానికి ఇంత నీరసమా అనిపించి కృపాకుమారి దగ్గరికొచ్చింది.

"పిన్నీ, జ్వరం ఎప్పట్నుంచి?"

"గంప దించిన కాడ్నించి."

"గంప మోసినన్నాళ్లూ ఒళ్లు కాలలేదా?"

"అవనిగడ్డ బస్సులో అందరికీ ఒళ్లు కాలుద్ది. దాన్ని జ్వరమంటారా?"

భార్గవి కల్పించుకుంది. "అత్తయ్యకి పడుకుంటేనే జ్వరమండీ. మొన్నటిది కాదు, ఆ ముందు ఆదివారం నుంచీ తలపోటని గుడ్డ కట్టుకునే రేవుకెళ్లింది."

అంటే తొమ్మిది రోజులు. శుక్రవారం దాకా ఆపితే మనిషి దక్కుతుందో లేదో.

ల్యాబ్ ఇన్‌ఛార్జి ఇందిరాదేవి ఫారం చూసింది. "డాక్టరు రాసింది మనం దిద్దకూడదు."

"నేను దిద్దనండి. ఆయన్నే అడుగుతాను."

డాక్టరు రెండుసార్లు ఫోన్ ఎత్తలేదు. పరీక్ష చేసే గుంటల ప్లేట్ సిద్ధంగా ఉంది. ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఇంకో శాంపిల్ చేర్చడం కుదరదు.

"ఇంకెంతసేపు?" అంది ఇందిరాదేవి.

"ఆయన ఎత్తేదాకా."

మూడోసారి ఎత్తాడు. తొమ్మిదని రాసుకోమన్నాడు. కృపాకుమారి రక్తం తీసి, సీరం వేరుచేసి, చివరి గుంటలో వేసింది. మధ్యాహ్నానికి ఆ గుంట చిక్కటి పసుపుకి తిరిగింది, అంటే జబ్బు ఉన్నట్టే. మిషన్ అంకె కూడా అదే చెప్పింది. రిపోర్టు డాక్టరుకి ఫోన్లోనే చదివింది. ఆ సాయంత్రమే మందు మారింది. మూడో రోజుకి జ్వరం దిగింది.

ఇప్పుడు కృపాకుమారి ఫారంలో రోజుల లెక్క ఒక్కటే చూసి ఎవర్నీ వెనక్కి పంపదు. గంప ఎప్పుడు దించారు, చేలోకి వెళ్లడం ఎప్పుడు మానేశారు అని అడుగుతుంది. వాళ్లు ఏం చెప్పినా, దానికి ముందు వారం సంగతి కూడా చెప్పించి గానీ వదలదు.