తూము వైపు

మా నాన్న తాపీమేస్త్రీ. గోడలు కట్టేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉన్నా, డాబాకో స్నానాలగది నేలకో నీళ్ళు పోయేలా వాటం ఇవ్వాలంటే ఆయనే రావాలి. పనయ్యాక చెంబెడు నీళ్ళు ఒలకబోసి, అవి తూములోకి పోయేదాకా గొంతుక్కూర్చుని చూసేవాడు. ఎక్కడైనా చుక్క ఆగిందా, పగలగొట్టి మళ్ళీ వేయాల్సిందే. అందుకే ఆయన వాటం మేస్త్రీ అయ్యాడు.

నేను బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఓసారి 'స్లోప్' అనే క్రియ గురించి ఇంట్లో వాళ్ళ బుర్ర తినేశాను. ఒక పక్కకు వాలి ఉండటమని దాని అర్థం. ఏటవాలుగా అని చెప్పే 'అస్లోప్' అనే పాతమాటకు ముందక్షరం రాలిపోయి ఇది మిగిలిందట. నేల తూము వైపు స్లోప్ అవుతోంది అంటారని వాడుక కూడా చెప్పాను.

"అంటే దానంతటదే వాలిందా? మధ్యలో నా నడుం విరిగింది ఎవరికీ పట్టదన్నమాట!" అన్నాడు నాన్న. అమ్మ పడీపడీ నవ్వింది.

మరుసటేడు అమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడమకాలు ఈడ్చి నడిచేది. స్నానానికి మాత్రం ఎవరినీ తోడు రానిచ్చేది కాదు, మొండిఘటం. ఒకరోజు ఆ కాలు వాటంలో జారితే కుళాయి పట్టుకుని నిలదొక్కుకుంది. నాన్నకు పైప్రాణాలు పైనే పోయాయి. రసమట్టం పెట్టి మరీ ఆ నేలను చదును చేసేశాడు. ఆయన చేతుల్లోంచి వాటం లేని నేల రావడం అదే మొదలు.

"నీళ్ళు నిలిచిపోతాయి కదండీ?" అంది అమ్మ.

"తుడవడానికి నేను లేనూ? నువ్వు పడకుండా ఉంటే అదే పదివేలు."

రోజూ ఆమె బయటికి రాగానే పాతగుడ్డ తీసుకుని లోపలికి వెళ్ళేవాడు. ఒక ఉదయం ఎవరిదో డాబా కారుతోందని కబురొచ్చింది. అమ్మ స్నానం ముగించిందో లేదో, వచ్చి తుడుస్తానని చెప్పి హడావుడిగా బయల్దేరాడు.

ఆయనకు ఆ పని ఎందుకనుకుందేమో అమ్మ. మధ్యాహ్నం నేను బడి నుంచి భోజనానికి వచ్చేసరికి నీళ్ళలో పడి ఉంది. చేతిలో ఆ గుడ్డ ఉంది. ఊపిరి లేదు.

చుట్టాలందరూ వెళ్ళిపోయాక నాన్న సుత్తి తీసుకుని ఆ నేలను పగలగొట్టాడు. నేను ఆపలేదు. మళ్ళీ వాటం ఇచ్చి, సిమెంటు ఆరేదాకా గుమ్మంలోనే కూర్చున్నాడు. తర్వాత చెంబెడు నీళ్ళు పోశాడు. చుక్క మిగలకుండా తూములోకి పోయాయి.

"చూశావటే, ఒక్క చుక్క లేదు," అన్నాడు అమ్మ పడి ఉన్న చోటుకేసి చూస్తూ. "ఇంక తుడవక్కర్లేదే."