రోజారమణి ఎవరినీ కాదనదు

కూర్మన్నపాలెం జంక్షన్‌లో రోజారమణి నెట్ సెంటర్ తెలియనివాళ్లు లేరు. తొమ్మిదేళ్లుగా ఆ చుట్టుపక్కల పిల్లల దరఖాస్తులన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్లాయి. మనిషి చురుకు, కంప్యూటరుది మాత్రం మొద్దునిద్ర. ఆన్ చేస్తే ఇరవై ఐదు నిమిషాలకి గానీ కళ్లు తెరవదు. ఆలోగా ఆవిడ దానికి బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించి, గుమ్మం ముందు నీళ్లు చల్లి, టీ కూడా తాగేసేది.

తప్పు దానిది కాదు, ఈవిడ మంచితనానిది. కొత్త ప్రోగ్రాం ఏది వేసినా, కంప్యూటరుతోపాటే నన్నూ లేపుతావా అని అడుగుతుంది కదా. అడిగినవాళ్లని కాదనకూడదన్నది రోజారమణికి పుట్టింట్లో నేర్పిన మాట. అన్నిటికీ సరేననేసింది. పంచాంగం చెప్పేది, పెళ్లి ఆల్బమ్ చేసేది, కొడుకు చింటూ ఆడే చదరంగం, ఎప్పుడో అమ్మేసిన ప్రింటరు తాలూకుది... మొత్తం ఇరవై రెండు!

ఆ రోజు జంక్షన్‌లో చేపలమ్మే పోతమ్మ, కూతురు దేవిని వెంటబెట్టుకొచ్చింది. ఇంజనీరింగ్ సీటుకి కాలేజీల పేర్లు మధ్యాహ్నం పన్నెండులోపు పెట్టాలి. దాటితే ఈ ఏడాదికి చదువు లేనట్టే. సగం పెట్టారో లేదో, కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఎప్పుడో చేతులెత్తేసింది. ఫోన్లో ఆ పేజీ సరిగ్గా తెరుచుకోదు. కరెంటొచ్చేసరికి పదకొండున్నర దాటింది. ఆన్ చేసి పది నిమిషాలైనా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"ఏటమ్మా, ఇంకా లెగదేటి?" అంది పోతమ్మ.

"లోపల ఇరవై రెండు పోగ్రాములు ఒక్కసారే లెగుత్తన్నాయత్తా."

"ఒడ్డునే అందరూ ఎక్కి కూకుంటే పడవెవడు తోత్తాడు? దింపీ ముందు!"

రోజారమణి కుర్చీ ముందుకి లాక్కుంది. కంప్యూటరుతోపాటు లేచేవాటి జాబితా ఇదివరకు ఎన్నిసార్లు చూసిందో! ఒకటి తీస్తే మొత్తం చెడుతుందేమోనని మూసేసేది. ఇప్పుడు చక్రం తిరుగుతుండగానే మూడు మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్ జాబితాలోకి వెళ్లి, వైరస్‌ని ఆపేదాన్ని ఉంచి, మిగతావన్నీ వరసపెట్టి డిసేబుల్ కొట్టింది. పంచాంగం దగ్గర మాత్రం వేలు ఆగింది.

"ఏటనుకోకు. పనుంటే నానే పిలుత్తాను," అని దానికి చెప్పి మరీ నొక్కింది.

ఇక ఆపి మళ్లీ ఆన్ చెయ్యాలి. పదకొండూ నలభై ఎనిమిది. మళ్లీ ఇరవై ఐదు నిమిషాలు పడితే అంతా అయిపోయినట్టే. దేవి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఆపేత్తన్నారేటాంటీ!"

"నాను సూసుకుంటాను కదా."

ఒక నిమిషం. నిమిషన్నర. తెర మీద బొమ్మలన్నీ బుద్ధిగా వచ్చి కూర్చున్నాయి! రోజారమణి చిన్నపిల్లలా కేక పెట్టింది. దేవి వేళ్లు పరుగెత్తాయి. పదకొండూ యాభై ఐదుకల్లా ఆఖరి బటన్ ఒక్కటే మిగిలింది.

"నువ్వు నొక్కత్తా," అంది రోజారమణి.

పోతమ్మ చెయ్యి చీరకి మూడుసార్లు తుడుచుకుంది. "సేపల సెయ్యి తల్లీ."

"ఆ సెయ్యే కదా దీన్ని సదివించింది. నొక్కు!"

నొక్కింది. తెర మీద పచ్చటి అక్షరాలొచ్చాయి. చదవడం రాని పోతమ్మ వాటివైపు చూడనేలేదు. కూతురి మొహం చూసింది, సంగతి తెలిసిపోయింది.