పన్ను మీద పన్ను

మా మావయ్య కట్టుడు పళ్ళు చేసేవాడు. మా నాన్నదీ అదే పని. ఇద్దరికీ కలిపి ఒకటే గది, కిటికీ కింద ఒకటే పొడుగాటి బల్ల, చెరో కొసన చెరో ఎత్తు పీట. నాన్న చేసిన పళ్ళు ఇటుకల వరసలా సమంగా ఉండేవి, ఎవరి నోట్లో చూసినా అవే. మావయ్య అలా కాదు. మనిషి పాత ఫోటో తెప్పించుకునేవాడు. ఒక పన్ను కొస విరిచి, ఇంకో పన్నుకి టీ మరక దిద్ది, అడగవచ్చినవాళ్ళని చెప్పులరిగేలా తిప్పేవాడు.

"మా బామ్మర్ది పనివాడండీ. నేను కళాకారుణ్ణి" అని వచ్చినవాళ్ళ ముందే అనేవాడు.

"నీ కళతో ఏమైనా నమలగలరా బావా?" అనేవాడు నాన్న, చేతిలో పని ఆపకుండానే.

మావయ్య భార్య మా నాన్నకి సొంత అక్క. చిగుళ్ళ జబ్బొచ్చి అత్తయ్య పళ్ళన్నీ పీకించుకోవలసి వచ్చింది. పళ్ళ సెట్టు తను చేస్తానని నాన్న అంటే మావయ్య ఒప్పుకోలేదు. పెళ్ళి ఫోటో ఎదురుగా పెట్టుకుని మైనం చెక్కుతూ కూర్చున్నాడు. ఆ ఫోటోలో అత్తయ్యకి పై వరసలో పన్ను మీద పన్ను ఉంది, నవ్వితే ముందు కనిపించేది అదే. సెట్టు పెట్టుకున్న అత్తయ్య అద్దంలో చూసుకుంటూ ఆ పన్నుని వేలితో తడిమి తడిమి చూసుకుంది. పెళ్ళినాటి నోరు తిరిగొచ్చింది. మావయ్య చేతిలో విద్య లేదని నేనెప్పుడూ అనను.

కానీ ఆ పన్ను వల్ల పై వరసా కింది వరసా కలిసేవి కావు. నోరు మూస్తే ముందు అదొక్కటే తగిలి, సెట్టంతా ఒరిగి చిగురుని కోసేది.

"దాన్ని కాస్త అరగదీయి బావా. టీ చల్లారేలోపు అయిపోతుంది" అన్నాడు నాన్న.

"అరగదీస్తే మీ అక్క మీ అక్కలా ఉండదురా."

"మరి తిండి ఎలా తింటుంది?"

"మెత్తగా చేసుకుంటుంది. అలవాటైపోతుందిలే."

అలవాటు కాలేదు. అత్తయ్య జావ మీద పడింది. పంటి బిగువున భరించిందని అనడానికి కూడా లేదు, బిగిస్తే నెత్తురొచ్చేది. పళ్ళ డాక్టరో, కొత్త బేరమో వస్తే మావయ్య లోపలికి కేక వేసేవాడు. అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడేది. "ఏదీ, ఒకసారి నవ్వు" అనేవాడు. నవ్వేది. వాళ్ళు ఆహా అనగానే లోపలికి వెళ్ళిపోయేది.

చూడలేక నాన్న చెప్పకుండా తన రకం సెట్టొకటి చేసి ఇచ్చాడు. అత్తయ్య మా వంటింటి గడప మీద కూర్చుని వేయించిన వేరుశనగలు తింది. కరకరా నములుతూ, కళ్ళు తుడుచుకుంటూ, దోసిలి ఖాళీ అయితే మళ్ళీ పెట్టమంది. ఆవిణ్ణి వెతుక్కుంటూ మావయ్య అప్పుడే వచ్చాడు.

"తియ్యి" అని చెయ్యి చాచాడు.

తీసి చేతిలో పెట్టింది. మావయ్య దాన్ని పనిగదిలోకి తీసుకెళ్ళి, అరగదీసే యంత్రం మీద పెట్టి, పొడయ్యేదాకా నిలబడ్డాడు. గొంతులో కోపం కూడా లేదు. "నా పని ఉండగా ఎవరి నోరో తగిలించుకు తిరగడమేంటి?" అన్నాడంతే.

నాన్న ఇంకోటి చెయ్యలేదు. అక్క చిగుళ్ళ అచ్చు తన ముందే ఉంది, చెయ్యాలంటే ఒక్కరోజు పని. "నా పని పొడి చేయించుకుని మళ్ళీ నేనే ఎగబడాలా? అక్కని నోరు తెరిచి అడగమను" అన్నాడు అమ్మతో. అత్తయ్య అడగలేదు. ఆవిడ మీదా నాకు కోపమే. ఎవరైనా ఆహా అన్నప్పుడు ఆ మొహం వెలిగేది, నేను చూశాను. ఆ వెలుగు కోసం కడుపు మాడ్చుకుంది. బల్లకి ఆ కొసన ఒక మొండివాడు, ఈ కొసన ఒక మొండివాడు. మధ్యలో అత్తయ్య చిక్కి సగమైంది. బుగ్గలు లోపలికి పోయి ఆ సెట్టు మరీ ముందుకొచ్చినట్టు కనిపిస్తుంటే, మావయ్య చిగుళ్ళని తిట్టేవాడు.

చలికాలంలో జ్వరం తగిలింది. తిండి తినే మనిషైతే తట్టుకునేదని డాక్టరు అన్నాడు. ఆవిడ తట్టుకోలేదు.

ముందుగదిలో పడుకోబెట్టారు. జనం రాకముందే మావయ్య సెట్టు కడిగి, తనే నోట్లో అమర్చాడు. వచ్చినవాళ్ళంతా నవ్వుతున్నట్టే ఉందన్నారు. నాన్న చివర్లో వచ్చి అక్క మొహంలోకి వంగి చూశాడు.

"ఇప్పుడు కుదిరింది బావా. ఇక కదలదు" అన్నాడు.

మావయ్య మొహం విప్పారింది. ఇన్నేళ్ళలో నాన్న ఆయన పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి అనుకున్నాడు.

"కదూ!" అన్నాడు. వేలితో అత్తయ్య పై పెదవిని కొంచెం జరిపి, పన్ను మీద పన్ను అందరికీ కనిపించేలా సర్దాడు.