పెద్దమ్మ ఒడి

బట్టల ఫ్యాక్టరీలో మా మిషన్ల హాలు వెనకే పిల్లల గది. దాన్ని చూసుకునే ఆయాను అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. భారీ మనిషి. ఆ ఒడిలో ఇద్దరు పిల్లలు పాలసీసాలతో సహా సర్దుకుపోతారని వేళాకోళం చేసేవాళ్ళం. ఎంత గుక్కపట్టిన పిల్లయినా ఆ ఒడి చేరితే ఊరుకునేది.

పెరట్లో ఇనప జారుడుబల్ల ఉంది. బుడతలు పడి కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకుంటారని ఆమెకు ఒకటే బెంగ. అందుకే వాళ్ళను ఒంటరిగా ఎక్కనిచ్చేది కాదు. ఆపసోపాలు పడుతూ తనే మెట్లెక్కి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని జారేది. కిటికీలోంచి చూసి నవ్వుకునేవాళ్ళం. నిశ్చింతగా కుట్టుకునేవాళ్ళం కూడా.

ఆ రోజు ఒళ్ళో ఉన్నది సొంత మనవరాలు, రెండేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ, అంటే పెద్దమ్మ కూతురు, నా పక్క మిషన్ మీదే కుడుతుంది. పిల్లకు రబ్బరు అడుగున్న కొత్త బూట్లు. సగం జారాక బూటు బల్ల అంచుకు పట్టేసింది. కాలు అక్కడే ఆగిపోయింది, పెద్దమ్మ ఆగలేదు. పిల్ల కేకకు హాల్లో మిషన్లన్నీ ఆగాయి.

మోకాలి కింద ఎముక విరిగిందన్నారు. ఆస్పత్రికి నేనూ వెళ్ళాను. ఎలా జరిగిందో పెద్దమ్మే, ఏదీ దాచకుండా, డాక్టరమ్మకు చెప్పింది. పడిపోకూడదనే ఒళ్ళో పెట్టుకున్నానంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఇలాంటివి మాకు వస్తూనే ఉంటాయమ్మా. పిల్ల ఒక్కతే జారి ఉంటే బూటు పట్టేయగానే ఆగిపోయేది. మీ బరువు ఆగనివ్వలేదు. తనంతట తాను ఎక్కలేని పిల్లను అసలు ఎక్కించకండి" అంది.

దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది. పెద్దమ్మ మొహాన కత్తివాటుకు నెత్తుటిచుక్క లేదు.

మర్నాటి నుంచి గుమ్మంలోనే అందరి బూట్లూ విప్పించేది. బుడతల్ని బల్ల దగ్గరకే రానివ్వలేదు. అంతవరకూ మంచిదే. కానీ ఏడ్చే పిల్లను ఎత్తుకోవడం కూడా మానేసింది. చాప మీద పడుకోబెట్టి పక్కన కూర్చునేది. ఆ ఏడుపులు వింటూ కుట్టడం నరకం. ఇన్నాళ్ళూ కిటికీలోంచి నవ్వినవాళ్ళే ఆమెను పనిలోంచి మాన్పించాలన్నారు. నాకు ఒళ్ళు మండింది. పెద్దమ్మకు మాత్రం అవేవీ పట్టలేదు. కూతురు మళ్ళీ పిల్లను తన చేతికిస్తుందా లేదా, అదొక్కటే ఆమె దిగులు.

పిండికట్టు విప్పాక ఒక పొద్దున కూతురు పిల్లను తీసుకొచ్చింది. చాప మీద ఉన్న తల్లి ఒళ్ళో కూర్చోబెట్టింది.

"పట్టుకో అమ్మా. నాకు టైమైంది" అంది.

పిల్ల అలవాటుగా ఆ ఒళ్ళో ముడుచుకుని నిద్రపోయింది. టీ వేళకు నేను వెళ్ళి చూస్తే పెద్దమ్మ కదలకుండా అలాగే కూర్చుని ఉంది. రెండు చేతులూ చాప మీదే ఉన్నాయి.