చెరిపేసిన వ్యాఖ్య

మలేషియాలోని బుకిట్ లింటా పురపాలక సంఘం ఫేస్‌బుక్ పేజీకి రోజూ నకలు తీసి భద్రపరచడం రోస్నానీ పని. జనం రాసినవీ, సంఘం ఇచ్చిన జవాబులూ, తర్వాత చెరిపేసినవీ, అన్నీ ఏడేళ్లు ఉంచాలని చట్టం. పొద్దున్నే తలగుడ్డ పిన్ను సర్దుకుని, అరచేతిని బల్లకేసి తుడుచుకుని, పెదవులు కదుపుతూ ఒక్కో వ్యాఖ్యా చదువుతుంది. "మనల్ని తిట్టిన తిట్లు ఇంత భక్తిగా చదివేది నువ్వొక్కదానివే అక్కా," అని జవాబులు రాసే అజ్లీన్ నవ్వుతుంది. "చెరిపేందుకు మీరున్నారుగా, చదివేందుకు ఒకరుండొద్దూ?" అంటుంది రోస్నానీ.

సోమవారం వానకు కొండచరియ విరిగి ఐదిళ్ల మీద పడింది. గురువారం కోర్టు ఆ నెల నకలంతా సంతకంతో పంపమంది. పై అధికారి జమాలుద్దీన్ సారు గొంతు తగ్గించి అడిగాడు: "ఆ కొండ గట్టు పగిలిందని ముందే ఎవరో రాశారట. పేజీలోంచి తీయించేశాను. నీ దగ్గర కూడా లేనట్టేగా?"

"చూస్తాను సార్."

ఉంది. చెయ్యి దూరేంత పగులు, ఫొటోతో సహా. కింద జవాబు: "ధన్యవాదాలు. సంబంధిత విభాగానికి పంపాం." జవాబిచ్చినవారి పేరు: రోస్నానీ. ఆ రోజు అజ్లీన్ సెలవు. రెండు పనులూ తన మీదే పడి, రోస్నానీ నలభై వ్యాఖ్యలకు అదే జవాబు వరసగా నొక్కుకుంటూ పోయి, నకలు కూడా చూడకుండానే భద్రపరిచింది. ఒక్కటీ చదవలేదు, ఒక్కటీ ఎవరికీ పంపలేదు.

"ఏమంటావు? ఉందా, లేదా?"

బయట మళ్లీ వాన మొదలైంది. రోస్నానీ ఆ వ్యాఖ్యను పెదవులు కదుపుతూ మొదటిసారి చదివింది. అరచేతిని బల్లకేసి తుడుచుకుని, "ఉంది సార్," అని ప్రింటు నొక్కింది.