మా సరోజత్త దడుసుకోలేదు

నిన్న పొద్దున్నే బావ ఫోన్ చేసి "అమ్మ పోయిందిరా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

మొన్న సాయంత్రమే కదా, అత్త హాస్పిటల్ బెడ్ మీద కూర్చుని, ఇడ్లీ రాయిలా ఉందని నర్స్‌తో పంచాయితీ పెట్టుకుంది. డిశ్చార్జ్ అయ్యే రోజుకి మిరపకాయ బజ్జీలు తెమ్మని నాకు ఆర్డర్ కూడా ఇచ్చింది.

సరోజత్త మా నాన్నకు అక్క. ఎనభై ఎనిమిదేళ్లు.

మా చుట్టాల్లో ఎవర్ని అడిగినా ఆమె గురించి ఒకటే మాట చెప్తారు. "పోలీస్ యాక్షన్‌కు దడుసుకొని మంచం పట్టిన పిల్ల." ఆమె పెళ్లిలో చెప్పారు, ఆమె మనవరాలి పెళ్లిలోనూ చెప్పారు. ప్రతిసారీ అత్తకు ఒళ్లు మండేది.

అందుకే ఈ రోజు ఫుల్ స్టోరీ రాస్తున్నాను.

బోయిన్‌పల్లిలో మా తాతకు పాల వ్యాపారం. 1948లో పోలీస్ యాక్షన్ పేరుతో నిజాం రాజ్యంలోకి ఇండియన్ మిలిటరీ వస్తోందని తెలిసి ఇంట్లో పెద్దవాళ్లు హడలిపోయారు. పిల్లలిద్దరినీ బర్రెల కొట్టంలో గడ్డి చాటున దాచారు. పదకొండేళ్ల అత్తను, ఆరేళ్ల మా నాన్నను. మూడు రోజులు. అంతకన్నా సేఫ్ ప్లేస్ లేదనుకున్నారు.

మిలిటరీ వాళ్లు వీళ్ల గడప కూడా తొక్కలేదు.

కొట్టంలో అత్తను పిడుదు మాత్రం కరిచింది. బర్రెల రక్తం తాగే పురుగు. ఆ సంగతి అప్పుడెవరికీ తెలీదు.

వారం తిరక్కుండానే అత్తకు జ్వరం. ఒళ్లంతా నొప్పులు, తల ఎత్తలేకపోయేది. "దడుపు జ్వరం" అని ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తేల్చేశారు.

ట్రీట్‌మెంట్ షురూ అయింది. ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. తాయెత్తు కట్టారు. కొడవలి ఎర్రగా కాల్చి ముంచిన నీళ్లు తాగించారు. దువా చదివి ఊదడానికి వచ్చిన పక్కింటి ఖాసిం తాతే మిలిటరీ భయంతో మాటిమాటికీ తలుపు వైపు చూస్తుంటే, ఈమే ఆయన చెయ్యి పట్టుకుని "ఏం గాదు తాతా" అందట.

మూడు వారాలైనా జ్వరం దిగలేదు.

మా తాతకు ఒక ఐడియా వచ్చింది. మిలిటరీ వాళ్లను దగ్గర్నుంచి చూపిస్తే భయం పోతుందని. పిల్లను భుజాన వేసుకుని క్యాంప్‌కు తీసుకెళ్లాడు. ఒక జవాన్ నవ్వుతూ బిస్కెట్ ఇచ్చాడు. అత్త బుద్ధిగా తినింది. తిని ఆయన బూట్ల మీదే కక్కింది.

ఆ గోల విని మిలిటరీ డాక్టర్ వచ్చాడు. అత్త అరచేతుల మీద ఎర్ర మచ్చలు చూశాడు. జుట్టు పక్కకు తీస్తే చెవి వెనక నల్లటి పొక్కు. ఇంట్లో పశువులున్నాయా అని అడిగాడట.

అదీ సంగతి. పిడుదు కాటు వల్ల వచ్చిన జ్వరం.

అది తెలిసేసరికి మనిషి సగమైంది. కోలుకోవడానికి ఆరు నెలలు పట్టింది. మోకాళ్లు నిలవకపోతే, అదే కొట్టంలోని బర్రె తోక పట్టుకుని వాకిట్లో నడక ప్రాక్టీస్ చేసింది. ఎడమ చెవి వినికిడి మాత్రం తిరిగి రాలేదు. నచ్చని మాటలన్నీ జీవితాంతం ఆ చెవితోనే వినింది.

జ్వరం పోయింది కానీ పేరు పోలేదు.

"భయపడి దాచింది వాళ్లు. జ్వరమొచ్చింది నాకు. దడుసుకున్నదని పేరు సుత నాకే" అనేది.

నిన్న అత్తను ఇంటికి తెచ్చాక, వచ్చినవాళ్లలో ఒకాయన మళ్లీ మొదలుపెట్టాడు. "పాపం, చిన్నప్పుడు దడుసుకొని..."

మా నాన్న కర్ర పట్టుకుని లేచాడు. ఎనభై మూడేళ్ల మనిషి.

"దడుసుకున్నది నేను" అన్నాడు. "మూడు దినాలు ఏడుస్తనే ఉన్న. అక్క నన్ను గోడ దిక్కు పండబెట్టి, తను బర్రె దిక్కు పండుకున్నది. నేను లాగు తడుపుకుంటే ఎవ్వలకు చెప్పనని ఒట్టేసింది. చెప్పలే."

బావకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చేశాడు. మేమందరం అంతే.

ఇన్నేళ్లూ "నేను దడుసుకోలే" అని అందరితో కొట్లాడింది. దడుసుకున్నది ఎవరో మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. తమ్ముడి తడిసిన లాగు కోసం ఆ పేరు తనే మోసింది.

అత్తా, బజ్జీలు బాకీ ఉన్నాను. నీ పేరు మాత్రం అందరి ముందూ సరిచేశాం.

ఇంక నిమ్మళంగా పడుకో.

ఈసారి గోడ దిక్కు.